వాగు దగ్గర తొందర పెట్టకు

అమ్మడూ,

సంక్రాంతి సెలవులకు పిల్లలిద్దరినీ తీసుకొచ్చి మన వాగు చూపిస్తానన్నావు. వినగానే ప్రాణం లేచొచ్చింది. మంచి సమయమే ఎంచుకున్నావు. వానలు పోయి, నీళ్లు తేటపడి, ఒడ్డు వెంట చిన్నోడి మోకాలి దాకా కూడా రావు. వానాకాలంలో మాత్రం ఎంత ఏడ్చినా తీసుకెళ్లకు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మంలో ఇళ్లలోకి వచ్చేసింది కదా. మన దగ్గర చినుకు పడకపోయినా, ఎగువన కురిస్తే చాలు. నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగు తిరిగితే ఉన్నపళంగా పిల్లల్ని ఒడ్డెక్కించు. ఇసుక తోడిన గుంటలు పైకి కనపడవు, ముందు నువ్వు దిగి కర్రతో లోతు చూడు. పాచి పట్టిన రాళ్ల మీద కాలు జారుతుంది, పాత చెప్పులు వేయించు.

నేను కోరేది ఒక్కటే. నాలుగు చోట్లకి తిప్పకు. కానుగ చెట్టు కింద నీళ్లు మెల్లగా కదిలే చోట కూర్చోబెట్టి, నువ్వూ కూర్చో. నీటి మీద పరుగెత్తే సన్నకాళ్ల పురుగులు ఉంటాయి. పిల్లలు ముందు వాటినే చూస్తారు. కాసేపయ్యాక అడుగున ఇసుక మీద వాటి నీడలు చూడమను. కాళ్లు సన్నగా ఉన్నా, కాలు ఆనిన చోట నీళ్లు కొంచెం కుంగుతాయి కాబట్టి నీడ బొట్టుబిళ్లంత గుండ్రంగా పడుతుంది. ఎందుకలా అని పెద్దది అడుగుతుంది. వెంటనే చెప్పేయకు, దాన్ని ఆలోచించుకోనీ.

తుంగ కాడలకి తూనీగలు విడిచిన పొట్టు అతుక్కుని ఉంటుంది. వీపు మీద చీలి, లోపల ఏమీ లేకుండా, కాళ్లతో సహా. తూనీగ పిల్ల నీళ్లలోనే పెరుగుతుంది, దోమ పిల్లల్ని తింటుంది. రెక్కలొచ్చే వేళకి పైకెక్కి ఆ పొట్టు వదిలి ఎగిరిపోతుంది. ఆ పొట్టు చిన్నోడి అరచేతిలో పెట్టు. రాయి ఎత్తి ఎండ్రకాయని చూస్తే, ఆ రాయిని మళ్లీ అలాగే మెల్లగా దించమను. అది దాని ఇల్లు.

ఏదీ ఇంటికి తెచ్చుకోనివ్వకు. మీ అన్నయ్య అయిదేళ్లప్పుడు తోకకప్పల్ని సీసాలో పట్టుకుంటానంటే సరేనన్నాను. మర్నాటికి అన్నీ చచ్చి తేలాయి. వాడు అన్నం ముట్టలేదు. తప్పు నాదే. ఆ బాధ నాకింకా పోలేదు.

చివర్లో నీటి అంచుకి రెండడుగుల దూరంలో, ఇసుకలో చెలమ తవ్వించు. మూరెడు తవ్వితే చాలు, ముందు బురదగా ఊరతాయి. కొబ్బరి చిప్పతో రెండు మూడు సార్లు తోడి పారబోస్తే తేట నీళ్లొస్తాయి. మా చిన్నప్పుడు అవే తాగేవాళ్లం. ఇప్పుడు మాత్రం తాగనివ్వకు, ఒంటి మీద పుండో గాయమో ఉంటే నీళ్లలోకే దింపకు.

మర్నాడు కూడా అక్కడికే తీసుకెళ్లు. చెలమ చుట్టూ తడి ఇసుక మీద పిట్టల కాళ్ల గుర్తులు పడి ఉండొచ్చు. ఏ పిట్టదో చిన్నోణ్ణే చెప్పనీ.

మీ పెద్దమ్మ