పర్సియస్ కంట్లో పాప ఎందుకు లేదు?

ప్రశ్న: సార్, మా అమ్మాయి పుస్తకంలో ఇటలీ శిల్పి కనోవా చెక్కిన, గ్రీకు పురాణ వీరుడు పర్సియస్ పాలరాతి విగ్రహం ఫొటో చూశాను. చేతిలో మెడూసా అనే రాక్షసి తల. ఒళ్లంతా ప్రాణమున్నట్టే ఉంది, కళ్లు మాత్రం ఉత్త తెల్లగుడ్లు. అంత పనితనం ఉన్నాయనకు కనుపాప చెక్కడం రాలేదా?
– ఒక గృహిణి, తాడిపత్రి

జవాబు: రాక కాదమ్మా, వద్దనుకున్నాడు. మా నాన్న ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కేవారు. ప్రతిష్ఠలో కళ్లు తెరిచేదాకా దాన్ని రాయి అనేవారే తప్ప స్వామి అనేవారు కాదు. ఆ ఇంట్లో పెరిగినందుకేమో, అనంతపురంలో ముప్ఫై ఏళ్లు డ్రాయింగ్ చెప్పిన నాకు కూడా ఈ తెల్లగుడ్లు చాలాకాలం వెలితిగానే అనిపించాయి.

కనోవాకు దాదాపు మూడు వందల ఏళ్ల ముందే, 1504లో పూర్తయిన మైకెలాంజెలో డేవిడ్ విగ్రహానికి కనుపాపలు గుంటగా తొలిచి ఉన్నాయి. కాబట్టి విద్య తెలియక కాదు. అసలు కథ రంగుది. పాతకాలపు గ్రీకులు పాలరాతి విగ్రహాలకు రంగులు వేసేవారు. కళ్లు, పెదాలు, జుట్టు అన్నీ దిద్దేవారు. శతాబ్దాలు గడిచేసరికి ఆ రంగు చాలావరకు రాలిపోయింది. తవ్వి తీసినవాళ్లకు కనిపించింది తెల్లరాయి. జర్మన్ పండితుడు వింకెల్మన్ 1764లో ప్రాచీన కళ చరిత్ర రాస్తూ, ఒళ్లు ఎంత తెల్లగా ఉంటే అంత అందమన్నాడు. కనోవా తరం శిల్పులు ఆ తెలుపునే ఆదర్శంగా పట్టుకున్నారు. అంటే కాలం చెరిపేసిన బొమ్మను చూసి, ఆ చెరిగిన రూపమే అసలనుకున్నారు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

మీరు చూసిన పర్సియస్ 1801 నాటిది. బెల్వెడెరె అపోలో అనే పాత విగ్రహాన్ని నెపోలియన్ సైన్యం పారిస్‌కు పట్టుకుపోతే, రోములో ఖాళీ అయిన ఆ చోట పోపు దీన్ని కొని నిలబెట్టాడు. నెపోలియన్ ఓడిపోయాక, పోయిన విగ్రహాలను వెనక్కి తేవడానికి పోపు తరఫున పారిస్ వెళ్లింది కూడా కనోవానే!

అయితే ఆయన్ని తక్కువ చేయలేను. ముందు మట్టితో, తర్వాత ప్లాస్టర్‌తో నమూనా చేసేవాడు. దాని మీద కొలతకు గుర్తులు పెట్టుకుని, సహాయకులు రాయిని మోటుగా చెక్కేవారు. చివరి మెరుగు మాత్రం ఆయనదే, అదీ కొవ్వొత్తి వెలుగులో. పక్కనుంచి పడే వెలుగులో చిన్న ఎత్తుపల్లం కూడా నీడ వేస్తుంది. పైగా మన గ్రానైట్ లాగా కాదు, పాలరాయి వెలుగును కాస్త లోపలికి తీసుకుని వదులుతుంది. చర్మంలా కనిపించేది అందుకే. పర్సియస్ చూపు నాకు ఇప్పుడు కంట్లో కాదు, మెడ తిరిగిన తీరులో, కనుబొమ కింది నీడలో దొరుకుతుంది.

కనోవా శిష్యుడు జాన్ గిబ్సన్ మాత్రం ధైర్యం చేశాడు. తాను చెక్కిన ప్రేమదేవత వీనస్ విగ్రహానికి లేతగా ఒంటిరంగు, నీలికళ్లు, బంగారు జుట్టు దిద్ది 1862లో లండన్ ప్రదర్శనలో పెట్టాడు. చాలామందికి మింగుడు పడలేదు. నా ఓటు గిబ్సన్‌కే.

అమ్మాయిని ఒక సాయంత్రం మీ ఊళ్లో చింతల వెంకటరమణస్వామి గుడికి తీసుకెళ్లండి. పొద్దుగుంకే ఎండ గోడ మీద ఏటవాలుగా పడేటప్పుడు అక్కడి బొమ్మల కళ్లు చూడమనండి. మధ్యాహ్నం ఒకసారి చూసి ఉంటే ఇంకా మంచిది.