256 కోర్లు ఇచ్చినా కంప్రెసర్ సిమ్యులేషన్ వేగం పెరగట్లేదు, ఎందుకు?

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇదీ: ఒక రోటర్ (తిరిగే బ్లేడ్ల చక్రం), ఒక స్టేటర్ (కదలని బ్లేడ్ల వరస), 64 లక్షల సెల్స్ (లెక్క కోసం గాలి దారిని విడగొట్టిన చిన్న ముక్కలు). 128 కోర్ల మీద రోటర్ ఒక్క చుట్టు తిరగడానికి 9 గంటలు పట్టింది, 256 ఇస్తే 8 గంటలకు మాత్రమే తగ్గింది. వైజాగ్‌లో ఎం.టెక్. ప్రాజెక్టు చేస్తున్నప్పుడు నేనూ సరిగ్గా ఇదే బాధ పడ్డాను. మద్దిలపాలెంలోని గది నుంచి రాత్రి జాబ్ పెట్టడం, తెల్లారి మొహం కూడా కడుక్కోకుండా లాగ్ తెరవడం. థీసిస్ గడువు దగ్గరపడేకొద్దీ టెన్షన్.

చాలామంది చెప్పేది, కోర్లు ఎక్కువై వాటి మధ్య కమ్యూనికేషన్ పెరిగిపోయిందని. లెక్క వేసి చూడండి. 256 కోర్లకు పంచితే ఒక్కోదానికి 25 వేల సెల్స్. దాన్ని ఘనంలా అనుకుంటే ఒక్కో అంచుకు సుమారు 29 సెల్స్. ఆరు ముఖాల అవతలి నుంచి తెచ్చుకోవాల్సినవి 5 వేల చిల్లర, అంటే ఐదో వంతు. 128 కోర్లప్పుడు అది ఆరో వంతు. ఇంత చిన్న తేడాకు వేగం అంతలా పడిపోదు.

నా అనుమానం రోటర్, స్టేటర్ మధ్య ఉన్న స్లైడింగ్ ఇంటర్‌ఫేస్ మీద, అంటే రెండు భాగాల సెల్స్ ఒకదాని పక్కన ఒకటి జారే సరిహద్దు మీద. రోటర్ కదిలిన ప్రతిసారీ ఏ సెల్‌కు ఎదురుగా ఏది వచ్చిందో మళ్ళీ వెతకాలి. మెటిస్ లాంటి పార్టిషనర్ (సెల్స్‌ను కోర్లకు పంచే ప్రోగ్రామ్) సెల్స్‌ను సమానంగా పంచుతుంది గానీ, ఈ వెతుకులాట భారం మనం చెబితే తప్ప దానికి తెలియదు. నేను ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత టైమ్ పడుతుందో కొలిచే టూల్) పెట్టి చూస్తే ఇంటర్‌ఫేస్ పని మొత్తం 11 ప్రాసెస్‌ల (కోర్‌కు ఒకటి చొప్పున నడిచేవి) నెత్తిన పడి ఉంది. మిగతావన్నీ ఎంపీఐ (ప్రాసెస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) దగ్గర వాటి కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చున్నాయి. ఇంటర్‌ఫేస్‌ను ఆనుకున్న సెల్స్‌కు నాలుగు రెట్లు బరువు ఉన్నట్టు పార్టిషనర్‌కు చెప్పి మళ్ళీ పార్టిషన్ చేశాక, అదే 256 కోర్ల మీద పని దాదాపు సగం టైమ్‌లో అయిపోయింది.

ఇంకో మాట. మీకు కావాల్సింది ప్రెషర్ రేషియో, ఎఫిషియెన్సీ మాత్రమే అయితే మిక్సింగ్ ప్లేన్ (రోటర్, స్టేటర్ మధ్య సగటు విలువలు మాత్రమే పంపే పద్ధతి) వాడండి. రోటర్‌లో ఒక పాసేజ్ (రెండు బ్లేడ్ల మధ్య దారి), స్టేటర్‌లో ఒక పాసేజ్ చాలు. కాకపోతే అది చుట్టూరా సగటు తీసేస్తుంది కాబట్టి రోటర్ వేక్ (బ్లేడ్ల వెనక మిగిలే చెదిరిన గాలి) స్టేటర్‌ను తాకడం కనపడదు. అది కావాలంటే ఖర్చు తప్పదు. పరీక్షలకు వాడే కంప్రెసర్ నాసా స్టేజ్ 37నే చూడండి: రోటర్‌కు 36 బ్లేడ్లు, స్టేటర్‌కు 46. రెంటికీ గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) 2 కాబట్టి, బ్లేడ్ల లెక్క మార్చకుండా చేయాలంటే కనీసం సగం చక్రాన్ని సెల్స్‌గా విడగొట్టాలి. నిమిషానికి 17,188 చుట్లు, అంటే ఒక బ్లేడ్ దాటే వ్యవధి 97 మైక్రోసెకన్లు. అందులోనే బోలెడు టైమ్ స్టెప్స్ (లెక్క ముందుకు సాగే చిన్న చిన్న కాల వ్యవధులు) పట్టాలి.

ముందు ఒక 50 స్టెప్స్ ప్రొఫైల్ చేసి, అన్నింటికంటే ఎక్కువసేపు ఎదురుచూసిన ప్రాసెస్ ఎంతసేపు చూసిందో, తక్కువసేపు చూసినది ఎంతసేపు చూసిందో ఇక్కడ పెట్టండి. చూసి చెబుతాను.