రెండో మాట ఏం పని చేస్తోందో చూడు

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివాను. ఎడిటింగ్ పనిలో చేరినప్పటినుంచీ 'ఫ్రీ గిఫ్ట్', 'రివర్ట్ బ్యాక్' లాంటి, చెప్పిందే మళ్లీ చెప్పే ఇంగ్లీషు జంటలు అడుగడుగునా తగులుతున్నాయనీ, వాటిని ఏమనాలో తెలియడం లేదనీ, కనిపించిన ప్రతిదాన్నీ కొట్టేయాలా అనీ అడిగావు. ఈ పనిలోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి తెలిసింది చెబుతాను. కొట్టేసే ముందు ఆ రెండో మాట అక్కడ ఏం పని చేస్తోందో చూడు. ఏ పేరు పెట్టాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

మనవాళ్లు పునరుక్తి అన్నదానికి ఇంగ్లీషులో ప్లియోనాజమ్, టాటాలజీ అని రెండు పేర్లున్నాయి. రెండూ గ్రీకు నుంచి వచ్చినవే. అవసరానికి మించి మాట పడితే మొదటిది, ఒకే అర్థాన్ని వేరే మాటతో మళ్లీ చెబితే రెండోది. గిఫ్ట్ అన్నాక ఉచితమని వేరే చెప్పక్కర్లేదు కాబట్టి 'ఫ్రీ గిఫ్ట్' ప్లియోనాజమ్. అయితే ఈ తేడాని అందరూ పాటించరు. పైగా తర్కశాస్త్రంలో టాటాలజీ అంటే ఏ పరిస్థితిలోనైనా నిజమయ్యే వాక్యం. నీ పనికి 'రిడండెంట్', అంటే అనవసరం, అన్న మాట చాలు. ఆక్సిమోరాన్ అని మాత్రం అనకు, అది 'ఓపెన్ సీక్రెట్' లాంటి ఎదురెదురు అర్థాల జంటకు పేరు.

'ఏటీఎం మెషీన్', 'పిన్ నంబర్' వేరే రకం. పొడి అక్షరాల్లో చివరిది దేనికి గుర్తో, ఆ మాటనే మళ్లీ పూర్తిగా పలుకుతాం: ఏటీఎంలో ఎం అంటేనే మెషీన్, పిన్‌లో ఎన్ అంటేనే నంబర్. దీనికి ర్యాస్ (రిడండెంట్ అక్రొనిమ్ సిండ్రోమ్) సిండ్రోమ్ అనే పేరు 2001లో న్యూ సైంటిస్ట్ పత్రికలో సరదాగా పుట్టింది. ర్యాస్‌లోని ఎస్ అంటేనే సిండ్రోమ్, అంటే ఆ పేరులోనే ఆ లోపం ఉంది. వీటి మీద నాకు కోపం లేదు. పిన్ ఇప్పుడు మామూలు మాటైపోయింది, దాన్ని విడదీసి ఎవరూ వినరు. అదే పలుకుతో గుండుసూది కూడా ఉంది కాబట్టి 'నంబర్' అన్నప్పుడు అయోమయం తీరుతుంది. అమెరికా దక్షిణాది యాసలో పిన్, పెన్ ఒకేలా వినిపిస్తాయి. అందుకే అక్కడ చాలామంది 'ఇంక్ పెన్' అంటారు. కాగితం మీద అనవసరంగా కనిపించే ఆ 'ఇంక్' చెవికి ఎంత అవసరమో చూడు! మాటల్లో ఇలాంటివి ఉండనీ, అచ్చులో 'పిన్' చాలు.

నాకు ఎక్కువ ఇష్టమైనవి కోర్టుల నుంచి వచ్చిన జంటలు, వాటిని లీగల్ డబ్లెట్స్ అంటారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక న్యాయం మాట్లాడే భాష ఫ్రెంచి, రాసే భాష లాటిన్ అయ్యాయి. వాదనలు ఇంగ్లీషులో సాగాలని 1362లో చట్టం చేసినా లాయర్ల ఫ్రెంచి చాలాకాలం పోలేదు. వీలునామాకు వాడే 'విల్ అండ్ టెస్టమెంట్'లో విల్ పాత ఇంగ్లీషుది, టెస్టమెంట్ లాటిన్‌ది. చరాస్తి అని చెప్పే 'గుడ్స్ అండ్ చాటెల్స్'లో రెండోది ఫ్రెంచి నుంచి వచ్చింది. ఎవరికి ఏ మాట తెలిసినా అర్థమవ్వాలని రెండూ పెట్టారంటారు. కానీ అన్ని జంటలకూ ఈ కథే అంటగట్టకు. మానెయ్యమని చెప్పే 'సీస్ అండ్ డెసిస్ట్'లో రెండు మాటలూ ఫ్రెంచి వైపు నుంచి వచ్చినవే, అక్కడ నొక్కి చెప్పడమే పని. 'ఎయిడ్ అండ్ అబెట్'లో అయితే అర్థాలే వేరు: ఒకటి సాయపడటం, ఇంకోటి ఉసిగొల్పడం. కాంట్రాక్టులో ఇలాంటి జంట కనిపిస్తే దాని జోలికి పోకుండా లాయర్ని అడుగు.

'సాల్ట్ అండ్ పెప్పర్' లాంటివి ఈ లెక్కలోకి రావు. అక్కడ వస్తువులే రెండు, కాకపోతే వరస మారదు. భాషాశాస్త్రవేత్త యాకోవ్ మాల్కీల్ 1959లో వాటిని ఇర్రివర్సిబుల్ బైనోమియల్స్ అన్నాడు.

'ఫ్యూచర్ ప్లాన్స్', 'అడెడ్ బోనస్', 'రిటర్న్ బ్యాక్' లాంటివాటికి మొహమాటం అక్కర్లేదు, కొట్టెయ్. కొన్నిటి దగ్గర మాత్రం చుట్టూ ఉన్న వాక్యాలు కూడా చదువు. డాక్టర్లు ఇప్పటి జబ్బు హిస్టరీ వేరుగా, పాత జబ్బుల హిస్టరీ వేరుగా రాస్తారు, అందుకని వాళ్ల కాగితాల్లో 'పాస్ట్ హిస్టరీ'కి అర్థం ఉంది. ఒకసారి రిపీట్ చేసినదాన్ని మళ్లీ చేస్తే 'రిపీట్ అగైన్' తప్పు కాదు. మధ్యలో వేరే ఫలితాలు ప్రకటించి ఉంటే 'ఫైనల్ రిజల్ట్' అనే తీరాలి.

ఇంకొక్క సంగతి. రచయితకు తిప్పి పంపేటప్పుడు పక్కన 'తప్పు' అని రాయకు. ఏ మాటలో ఆ అర్థం ముందే ఉందో దాని కింద గీత గీసి, అనవసరమైనదాన్ని బ్రాకెట్లో పెట్టు. ఉంచాలో తీసేయాలో ఆయన్నే తేల్చుకోనివ్వు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న