మానిటర్ పసుపెక్కిందా? కొత్తది కొనే ముందు కేబుల్ చూడండి

"అక్కా, మా మానిటర్‌కి పచ్చకామెర్లు వచ్చాయి" అంటూ మొన్న శనివారం ఆర్లింగ్టన్ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చాడు. ఇల్లు ఖాళీ చేసి వెళ్తున్న సీనియర్ దగ్గర 25 డాలర్లకు కొన్న మానిటర్ అది. తెల్లగా ఉండాల్సిన పేజీలన్నీ పసుపుగా కనిపిస్తున్నాయట. సోమవారం ఇంటర్వ్యూ ఉంది, కొత్తది ఆర్డర్ పెట్టేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. 2006లో నేను అలాగే ఇంకో మానిటర్ కొని డబ్బు పోగొట్టుకున్నాను.

అప్పట్లో డల్లాస్‌లో నలుగురు అమ్మాయిలం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఓ రోజు నా మానిటర్‌లో నీలం రంగు మాయమైంది. రిపేర్ షాపుకి మోసుకెళ్తే, నా కేబుల్‌తోనే పెట్టి చూసి, లోపల బోర్డు పోయిందన్నారు. చూసినందుకే 45 డాలర్లు తీసుకున్నారు. డాలరు 45 రూపాయలున్న రోజులు. రెండు వేలు పోయాయే అని దారంతా లెక్కలు వేసుకుంటూ వచ్చాను. తర్వాత ఇంకో పాత మానిటర్ కొని, ఉన్న కేబుల్‌నే దానికి తగిలించాను. అదీ పసుపే! మంచం మీద కూర్చుని ఏడ్చేశాను. చివరికి తేలిందేమిటంటే, కేబుల్ చివర ఒక్క పిన్ను వంగింది, అంతే.

నీలి రంగు ప్లగ్గుతో, రెండు పక్కలా మరలతో ఉంటుందే, ఆ పాత వీజీఏ కేబుల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ వేర్వేరు తీగల్లో వస్తాయి. వాటిలో ఒక తీగ తెగినా, దాని పిన్ను వంగినా ఆ ఒక్క రంగే పోతుంది. బొమ్మ మాత్రం మామూలుగానే వస్తుంది. అందుకే మానిటర్ పాడైందని మోసపోతాం. ఏ రంగు పోయిందో తెలియాలంటే తెల్లటి పేజీ తెరవండి. పసుపుగా ఉంటే నీలం పోయినట్టు. చీరల కొట్లో రాణి కలర్ అంటారే, అలా ఉంటే ఆకుపచ్చ పోయింది. నీలం, ఆకుపచ్చ కలిసినట్టుంటే ఎరుపు పోయింది.

అయితే కేబుల్ ముట్టుకునే ముందు ఒక్క పని చేయండి. మానిటర్ అంచున ఉండే బటన్ నొక్కి దాని సొంత మెనూ తెరపైకి తెప్పించండి. ఆ మెనూ కేబుల్ ద్వారా రాదు, మానిటర్ తనంతట తానే గీస్తుంది. మెనూలో తెలుపు తెల్లగా, నీలం నీలంగా ఉండి, వెనక బొమ్మ మాత్రం పసుపుగా ఉంటే మానిటర్ నిక్షేపంలా ఉన్నట్టే. తప్పు కేబుల్‌దో, కేబుల్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య పెట్టే అడాప్టర్‌దో, ల్యాప్‌టాప్‌దో. మెనూ కూడా పసుపుగానే ఉంటే, అందులోనే కలర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీసెట్ కొట్టండి. ఎవరో నీలాన్ని సున్నాకి తగ్గించి వదిలేసి ఉండొచ్చు. అప్పటికీ మారకపోతేనే మానిటర్ మీద ఆశ వదులుకోండి. వెనక మూత విప్పే సాహసం మాత్రం చేయకండి, ప్లగ్గు పీకాక కూడా లోపల కరెంటు నిలవ ఉండొచ్చు.

ఆ అబ్బాయి మెనూ బాగానే ఉంది. మానిటర్, ల్యాప్‌టాప్ రెండూ ఆపేసి, కేబుల్ పీకి, పిన్నుల వైపు ఫోటో పంపమన్నాను. వెడల్పు అంచు పైకి ఉండేలా పట్టుకుంటే, పై వరుసలో ఎడమ నుంచి మొదటిది ఎరుపు, రెండోది ఆకుపచ్చ, మూడోది నీలం. ఫోటోలో ఆ మూడోది గాలికి ఒరిగిన వరి కంకిలా పక్కకి వాలిపోయి ఉంది. కనుబొమ్మలు తీసుకునే ట్వీజర్స్‌తో మెల్లగా, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా నిలబెట్టమన్నాను. పదేపదే వంచితే విరిగిపోతుంది. మధ్య వరుసలో నాలుగో పిన్ను అసలు లేకపోతే కంగారు పడొద్దు, చాలా కేబుళ్లకి అది పుట్టుకతోనే ఉండదు. పావుగంటలో "తెల్లగా వచ్చేసిందక్కా" అని మెసేజ్ వచ్చింది.

ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లకి వీజీఏ ఉండదు కాబట్టి మధ్యలో చిన్న అడాప్టర్ పెడతారు. పిన్నులన్నీ బాగున్నా రంగు రాకపోతే రూమ్మేట్ అడాప్టర్ అడిగి మార్చి చూడండి. కేబుల్ కదిలించినప్పుడు రంగు వచ్చి పోతుంటే లోపల తీగ తెగుతున్నట్టే, కేబులే మార్చాలి.

ఇప్పటి టీవీలకి, మానిటర్లకి వాడే హెచ్‌డీఎంఐ కేబుల్ అయితే కథ వేరు. అది డిజిటల్, తీగ పాడైతే సాధారణంగా చుక్కలు మెరుస్తాయి, లేదా బొమ్మే రాదు. తెరంతా గులాబీగానో ఆకుపచ్చగానో మారితే గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో కలర్ ఫార్మాట్ ఆర్‌జీబీకి మార్చి చూడండి. రోజూ రాత్రిపూట మాత్రమే నారింజ రంగు వస్తోందా? విండోస్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉంటుంది, ఆపేయండి.

సెకండ్ హ్యాండ్‌ది కొనడానికి వెళ్లేటప్పుడు మీ ల్యాప్‌టాప్, మీ అడాప్టర్, వీలైతే మీ కేబుల్ కూడా పట్టుకెళ్లండి. డబ్బు చేతిలో పెట్టే ముందు తెల్లటి పేజీ ఒకటి తెరవండి, మెనూ నొక్కండి, కేబుల్‌ని రెండు చివర్లా కాస్త కదిలించండి. అమ్మే వాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.