నోరెండిపోతే కూతెలా వస్తుంది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గజపతి జిల్లా కాశీనగర్. మావాడికి 15 నిండాయి, కబడ్డీ అంటే ప్రాణం, కూతకెళ్ళాడంటే ఒకణ్ణైనా ముట్టకుండా రాడు. సబ్ జూనియర్ లో 55 కిలోలు దాటకూడదంట, వీడేమో 57న్నర ఉన్నాడు, సెలక్షన్లు వచ్చే నెలే. కోచ్ సారు రాత్రిపూట అన్నం మానిపించేశారు, ఆఖరి రెండ్రోజులు మంచినీళ్ళు కూడా ముట్టొద్దన్నారు. మొన్నాదివారం ట్రయల్ అని స్వెట్టరు మీద రెయిన్ కోటు వేయించి వంశధార గట్టు మీద పరిగెత్తించారు. ఇంటికొచ్చి మగ్గులో ఉమ్ముకుంటూ కూర్చున్నాడు, ఎందుకురా అంటే ఉమ్మి కూడా బరువే కదా నాన్నా అంటాడు. సారుని అడిగితే పెద్ద పెద్ద ప్లేయర్లందరూ ఇదే చేస్తారండీ అన్నారు. నిజమేనా? ఆపమంటే మావాడు నాతో మాట్లాడ్డం లేదు. పేరు వేయకండి.

జవాబు: ఆ ఉమ్మి మాట చదివి కాసేపు అలా ఉండిపోయానండీ. ముందు పిల్లాడికి కడుపు నిండా నీళ్ళు, రాత్రికి అన్నం పెట్టించండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

పెద్దోళ్ళు చేస్తారన్నది నిజమే, కాదనను. 2024 పారిస్ ఒలింపిక్స్ లో కుస్తీ ప్లేయరు వినేశ్ ఫోగట్ సంగతి మనందరం టీవీలో చూశాం కదా, రాత్రంతా చెమట కక్కి, జుట్టు కూడా కత్తిరించుకుని, ఫైనల్ రోజు పొద్దున 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తూగింది, అంతే, మొత్తం పోయింది. ఆవిడ పెరగడం ఆగిపోయిన మనిషి, పక్కన డాక్టర్లున్నారు, అయినా అలా అయింది. మీవాడి పక్కన ఎవరున్నారు? 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ కుర్రాళ్ళు ఇలాగే రబ్బరు సూట్లేసుకుని వేడిలో కసరత్తు చేసి బరువు దించబోయి నెల చిల్లరలో ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చచ్చిపోయారు, ఆ తర్వాత అక్కడ కాలేజీ కుస్తీలో ఆ సూట్లూ ఆ వేడి గదులూ బంద్ చేశారు. రెయిన్ కోటు చేసే పని కూడా అదే, చెమట ఆరనివ్వదు, ఆరకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు.

రెండ్రోజుల్లో తగ్గేది కొవ్వు కాదండీ, నీళ్ళు. ఒంటి బరువులో 2 శాతం నీళ్ళు పోయినా ఆట పడిపోతుందంటారు, మీవాడి లెక్కన అది కిలో చిల్లర, సారు దించమంటున్నది రెండున్నర. తూకం అయ్యాక గ్లూకోజు, ఓఆర్ఎస్ తాగించేస్తే సరిపోతుందనుకుంటారు, గంటా రెండు గంటల్లో అది ఒంటికి పట్టదు. పైగా మనది కూత ఆట! నోరెండి నాలుక అంగిట్లో అతుక్కుపోతే కబడ్డీ కబడ్డీ అని ఒక్క గుక్కలో ఎలా అంటాడు? కూత తెగితే అవుటే కదా.

నేనేదో పెద్ద నీతిమంతుణ్ణని కాదు. పర్లాకిమిడిలో పీటీ మాస్టారుగా ఉన్న రోజుల్లో నేనూ ఒక గుంటడి చేత ఇదే చేయించాను, తూకంలో పాసయ్యాడు, నేను అందరి ముందూ మీసం తిప్పాను, మ్యాచ్ లో రెండో కూతకే మధ్యగీత దగ్గర పిక్క పట్టేసి కూలబడ్డాడు, చూస్తే కళ్ళు లోపలికి పోయి పెదాలు తెల్లగా పొక్కులు కట్టున్నాయి. వాళ్ళమ్మకి నేను చెప్పిన అబద్ధం ఏంటంటే ఎండదెబ్బ అని. అందుకే మీ సారు చెడ్డవాడని అనను, ఆయన చేత కూడా ఎవరో ఇలాగే చేయించి ఉంటారు.

సారుతో మాట్లాడేటప్పుడు గొడవకి వెళ్ళినట్టు వెళ్ళకండి. సార్, గుంటడికి పొడుగు వస్తోంది, బరువు పెరగాల్సిన వయసే, వీణ్ణి పై కేటగిరీకి తయారు చేద్దాం అనండి. పైన పెద్ద కుర్రాళ్ళతో ఈ ఏడాది బెంచీ మీదే కూర్చోవచ్చు, కూర్చోనివ్వండి. సెలక్షన్ పోతే మీవాడు నాలుగు రోజులు ఏడుస్తాడు, నా లెక్కలో ఆ ఏడుపు చవకే. ఒక్క విషయం మాత్రం గట్టిగా అడగండి, మెడికల్ షాపులో నీరు తీసే మాత్ర తెచ్చుకోమని గానీ ఎవరైనా చెప్పారా అని. అవి వాడా (WADA) అనే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించిన మందులు, పోటీలప్పుడే కాదు ఎప్పుడు వాడినా డోపింగే, పైగా గుండె లయ తప్పే ప్రమాదం.

ఈలోపు ఒంటేలు ముదురు పసుపుగా వస్తున్నా, తల తిరిగినా, వాంతులైనా ప్రాక్టీసు ఆపించి నీడలో కూర్చోబెట్టి నీళ్ళు తాగించండి. పిచ్చిపిచ్చిగా మాట్లాడుతుంటే, ఒళ్ళు కాలిపోతుంటే మాత్రం ఒంటి మీద నీళ్ళు పోస్తూనే 108కి ఫోన్ చెయ్యండి, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి.

తిండి సంగతంటారా, పొద్దున చోడి అంబలో చద్దన్నమో, స్కూలుకి ముందు ఒక గుడ్డు, రాత్రి అన్నం పప్పు, అంతే. చిప్స్ ప్యాకెట్లు, కూల్ డ్రింకులు మానిపించండి, అవి మానేస్తే పోయేదేమీ లేదు. మీతో మాట్లాడ్డం లేదన్నారు కదా, బరువు ఊసెత్తకుండా ఒకరోజు ప్రాక్టీసుకెళ్ళి గట్టు మీద కూర్చోండి చాలు. ఇంకోటి, ఇలాంటి గుంటలు రోజూ ఏదో ఒక షాపులో కాటా ఎక్కి చూసుకుంటుంటారు, ఎరువుల కొట్టో కిరాణా కొట్టో కనుక్కుని, మావాడు వస్తే ఎక్కనివ్వకు బాబూ అని ఆ కొట్టాయనకి చెప్పిరండి.