పాత అమెరికన్ డ్రమ్ములు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: 1960ల నాటి లడ్విగ్ (అమెరికన్ డ్రమ్ముల కంపెనీ) సెట్ ఒకటి అమ్మకానికి ఉంది. బ్యాడ్జి మీది నంబరు చూసి ఏ ఏడాదిదో చెప్పొచ్చా?

జవాబు: నంబరు ఒక్కదాన్నే నమ్ముకోకండి. లడ్విగ్ డ్రమ్ముల మీది కీస్టోన్ బ్యాడ్జిలకు (కంపెనీ పేరున్న లోహపు బిళ్లలకు) నంబర్లు 1963 చివర్లో మొదలయ్యాయి. కానీ షికాగో ఫ్యాక్టరీలో వాటిని వరుస ప్రకారం బిగించలేదు. ఒకే సెట్‌లోని డ్రమ్ముల నంబర్లలో పెద్ద తేడా ఉన్నంత మాత్రాన సెట్ కలగూరగంప అనుకోనక్కర్లేదు.

హెడ్ (వాయించే పొర) విప్పి, టార్చి వేసి లోపల చూడండి. చాలా షెల్స్‌లో (డ్రమ్ము గుండ్రటి చెక్క ఒళ్లలో) ఎర్ర సిరాతో తేదీ ముద్ర కనిపిస్తుంది. మూడు పొరల షెల్, రెండు అంచులకూ లోపల బలాన్నిచ్చే చెక్క రింగులు ఉండాలి. 1960ల చాలా భాగం లోపల తెల్ల పెయింటు వేశారు. దశాబ్దం చివరికి కలప కనిపించే క్లియర్ ఫినిష్ వచ్చింది. తర్వాత రాప్ (షెల్ చుట్టూ అతికించే రంగు ప్లాస్టిక్ తొడుగు) అతుకు చూడండి. ఆ కాలపు లడ్విగ్‌లలో రాప్ కొస షెల్ పై పొర అతుకులోకి దూరి ఉంటుంది. కొస పైకే అతికించి ఉంటే రాప్ మార్చారేమోనని అనుమానించాలి. చివరగా అదనపు రంధ్రాలు లెక్కపెట్టండి. టామ్ మౌంట్ (చిన్న డ్రమ్మును నిలిపే బిగింపు) మార్చడానికి కొట్టిన కొత్త రంధ్రాన్ని ఎంత నేర్పుగా పూడ్చినా విలువ పూర్తిగా తిరిగి రాదు.

ప్రశ్న: కొత్త హెడ్ షెల్‌కు పట్టేసి శ్రుతి కుదరడం లేదు. హెడ్ ఆనే షెల్ అంచు కోయించమంటున్నారు.

జవాబు: తొందరపడకండి, కోసిన అంచు మళ్లీ రాదు. ఉదాహరణకు, మరో అమెరికన్ కంపెనీ గ్రెచ్ షెల్‌కు 30 డిగ్రీల వాలున్న అంచే దాని గొంతు. 45కి కోస్తే ఆ గుండ్రటి స్వరం పోతుంది. ముందు హెడ్‌ను షెల్ మీద పెట్టి చేత్తో తిప్పండి. ఒకేచోట పట్టేస్తుంటే అక్కడ రాప్ ఉబ్బిందేమో తడిమి చూడండి. అంతటా బిగువుగా ఉంటే వేరే కంపెనీ హెడ్ వేసి చూడండి, హెడ్ రింగు లోపలి కొలతలో స్వల్ప తేడా ఉంటుంది. వ్యాసాన్ని నాలుగు దిశల్లో కొలిస్తే షెల్ వంకర తెలుస్తుంది. అప్పటికీ కుదరకపోతే షెల్‌ను చదునైన గ్రానైట్ పలక మీద పెట్టి, లోపల లైటు వెలిగించి, గది చీకటి చేయండి. అంచు కింద వెలుతురు కారే చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. సన్నటి గీతలాంటి వెలుతురు పాత షెల్స్‌కు మామూలే. విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటేనే, పాత అంచుల రూపం తెలిసిన పనివాడికి చూపించండి.

ప్రశ్న: సుప్రాఫోనిక్ (లడ్విగ్ లోహపు స్నేర్ డ్రమ్ము) మీద చుక్కలు ఎలా పోతాయి?

జవాబు: పోవు. క్రోమ్ పూత కింద అల్యూమినియం షెల్ క్షయిస్తుండటం వల్ల అవి వస్తాయి. గట్టిగా రుద్దితే క్రోమ్ పెచ్చులూడుతుంది. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి తేమ తగలకుండా ఉంచండి. అల్యూమినియం ఫాయిల్‌ను నీళ్లలో తడిపి రుద్దడం ఉక్కు హూపుల (హెడ్‌ను బిగించే వలయాల) తుప్పుకే పనికొస్తుంది.