భయపెట్టే ఫాస్ట్ బౌలర్ ఎవరంటే, నా ఓటు మాల్కం మార్షల్‌కే

మీరు అడిగినవి రెండు. బ్యాట్స్‌మెన్‌ని అందరికంటే ఎక్కువ భయపెట్టిన ఫాస్ట్ బౌలర్ ఎవరు అన్నది ఒకటి. ఊరి టోర్నమెంట్లో ఓపెనింగ్‌కి దిగుతున్నాను, స్పీడ్‌గా వేసేవాణ్ణి చూస్తే టెన్షన్ వస్తోంది, ఏం చెయ్యాలి అన్నది రెండోది. రెండిటికీ జవాబు ఒక్కచోటే దొరుకుతుందని నా నమ్మకం. అందుకే కలిపి రాస్తున్నాను, కాస్త పొడుగైనా చదవండి.

ఈ ప్రశ్న ఎక్కడ వచ్చినా పాకిస్తాన్ షోయబ్ అక్తర్, ఆస్ట్రేలియా జెఫ్ థామ్సన్, వెస్టిండీస్ కర్ట్‌లీ ఆంబ్రోస్ పేర్లు ముందు వినిపిస్తాయి. ముగ్గురూ భయంకరమైన బౌలర్లే. అయినా నేను 1980ల నాటి వెస్టిండీస్ బౌలర్ మార్షల్ పేరే చెబుతాను. ఎందుకంటే బ్యాట్ పట్టుకుని నిలబడ్డవాడికి అసలు భయం వేగం నుంచి పుట్టదు. బంతి ఎటు వస్తుందో ఆలస్యంగా తెలియడం దగ్గర పుడుతుంది.

కొంచెం లెక్క చూడండి. వికెట్ల మధ్య దూరం 22 గజాలు. రెండు క్రీజుల మధ్య చూస్తే సుమారు 17.7 మీటర్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి ఈ దూరం దాటడానికి అర సెకను కాస్త అటూ ఇటూగా పడుతుంది. ఆ అర సెకనులోనే లెంగ్త్, అంటే బంతి పిచ్ మీద ఎక్కడ పడుతుందో తెలియాలి, కాలు ముందుకా వెనక్కా అన్నది తేలాలి, చేతులు కదలాలి. బంతి షార్ట్‌గా (మనకి దూరంగా పడి పైకి లేచేలా) పడుతోందని మొదట్లోనే తెలిసిపోతే 150తో వచ్చినా వంగి తప్పించుకోవచ్చు. చివరి క్షణం దాకా తెలియకపోతే 130తో వచ్చింది కూడా దవడ పగలగొడుతుంది.

ఇది నాకు పుస్తకాల్లో దొరికిన సంగతి కాదు, మా చేలల్లో తెలిసింది. మాది కోనసీమలో రాజోలు వైపు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యి, కాలువలు కట్టేసే రోజుల్లో మా ఊళ్లో ఏ చేను చూసినా గ్రౌండే. కొయ్యకాళ్లు పారతో చెక్కి, నెర్రెల్లో మట్టి కూరి, నీళ్లు చల్లి, రాతి రోలర్ లాగి, దానిమీద కొబ్బరిపీచు మ్యాట్ పరిచేవాళ్లం. చుట్టూ పెద్ద మేకులు దిగ్గొట్టేవాళ్లం. మ్యాట్‌ని లాగి బిగించి కొడితే ఫాస్ట్ బౌలర్ బంతి లేచేది. కాస్త వదులుగా వదిలితే స్పిన్నర్ బంతి గిర్రున తిరిగేది. అందుకని టాస్ కంటే ముందు మేకుల దగ్గరే వాదన మొదలయ్యేది. "ఇంకో గుప్పెడు లాగండి" అని ఒక కెప్టెన్, "ఇక చాలండి బాబూ, చిరిగిపోద్ది" అని ఇంకో కెప్టెన్. ఎవరి టీమ్‌లో ఫాస్ట్ బౌలర్ ఉన్నాడో ఆ వాదన వింటే చాలు, తెలిసిపోయేది.

ఆ మ్యాట్ మీద నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినవాళ్లు ఇద్దరు. ఒకాయన నర్సాపురం టీమ్ బౌలర్. వాళ్లంతా వశిష్ఠ గోదావరి దాటి, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద కిట్ బ్యాగులతో సఖినేటిపల్లి రేవులో దిగేవాళ్లు. ఆయన మనిషి ఆరడుగుల పైన. బౌలర్ వెనక సైట్‌స్క్రీన్ తెర ఉండాల్సిన చోట మాకు కొబ్బరితోట ఉండేది, ఆ చెట్ల నీడలోంచి పరుగెత్తుకుంటూ వస్తుంటే గుండె దడదడలాడేది. కానీ ఆయన షార్ట్ బాల్ వేస్తే ఆ ఎత్తు నుంచి పడి తలమీదుగా లేచిపోయేది. రెండు ఓవర్లు ఓపిక పడితే ఏది వదిలెయ్యాలో అర్థమైపోయేది.

రెండోవాడు మా పక్క లంక గ్రామం కుర్రాడు. పొట్టి. పరుగెత్తేది నాలుగైదు గజాలే. భుజం మాత్రం మెరుపులా తిరిగేది. కాలవలో పెంకు విసిరితే నీళ్లమీద గెంతుతూ ఎలా పోతుందో, వాడి బంతి మ్యాట్ తాకి అలా జారి వచ్చేది. ఫుల్ లెంగ్త్ (కాళ్ల దగ్గర పడేది) అనుకుని ముందుకు కాలేస్తే సరిగ్గా పక్కటెముకల మీదికి. వంగుదామా అంటే అంత ఎత్తు లేవదు. ఆడదామా అంటే చేతులకి చోటుండదు. వాడు ఒక్క మాట అనేవాడు కాదు, కళ్లెర్రజేసేవాడు కాదు. దెబ్బ తగిలితే దగ్గరికొచ్చి "తగిలిందాండీ" అని అడిగి మరీ వెళ్లేవాడు. మా ప్రాంతంలో ఓపెనర్లంతా పొడుగాయన కంటే వీడికే ఎక్కువ భయపడేవాళ్లు.

మార్షల్ గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఈ కుర్రాడే గుర్తొస్తాడు. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లంటే తాటిచెట్టంత మనుషులు. జోయెల్ గార్నర్ 6 అడుగుల 8 అంగుళాలు, ఆంబ్రోస్ 6 అడుగుల 7 అంగుళాలు. వాళ్లతో పోలిస్తే 5 అడుగుల 11 అంగుళాల మార్షల్ పొట్టివాడి కిందే లెక్క. క్రీజు దగ్గర పెద్ద గెంతేమీ ఉండదు, పరుగు ఆగకుండానే ఛాతీ ఎదురుగా పెట్టి చెయ్యి విసురుతాడు. అందువల్ల మామూలు బంతికీ, తలకి గురిపెట్టి లేపే బౌన్సర్‌కీ చేతిలో తేడా కనపడదు. మార్షల్ బౌన్సర్ తలమీదుగా పోదు, జారుకుంటూ గొంతు మీదికి వస్తుంది. దానికి తోడు రెండువైపులా స్వింగ్, అంటే గాల్లోనే పక్కకి తిరగడం. 81 టెస్టుల్లో 376 వికెట్లు, ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగుల సగటు 20.94. అంత వేగం, అంత నేర్పు, అంత నిలకడ ఒకే మనిషిలో ఉండడం మరొకరిలో నేను చూడలేదు.

1983 అక్టోబరులో కాన్పూర్ టెస్టు సంగతి చెప్పాలి. వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లను హెల్మెట్ లేకుండా ఎదుర్కొన్న సునీల్ గవాస్కర్ చేతిలోంచి మార్షల్ బంతి దెబ్బకి బ్యాట్ ఊడి పడిపోయింది. గవాస్కర్ అంతటివాడికే అలా జరిగిందంటే ఆ బంతి ఎలాంటిదో ఊహించుకోండి. ఆ సిరీస్ ఆరు టెస్టుల్లో మార్షల్ తీసినవి 33 వికెట్లు, అవీ ఫాస్ట్ బౌలర్లకి పెద్దగా సాయపడని మన పిచ్‌ల మీద.

అయితే కథ అక్కడ ఆగలేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం తర్వాతి టెస్టులో ఉంది. ఢిల్లీలో మార్షల్ మళ్లీ షార్ట్ బాల్స్ వేశాడు. ఎన్నో ఏళ్లుగా హుక్ షాట్ (పైకి లేచిన బంతిని లెగ్ సైడ్‌కి లాగి కొట్టడం) దాచిపెట్టుకున్న గవాస్కర్ ఈసారి కొట్టడం మొదలుపెట్టాడు. 94 బంతుల్లో సెంచరీ. అది ఆయనకి 29వ టెస్టు సెంచరీ, బ్రాడ్‌మన్ రికార్డుతో సమానం. మామూలుగా ఓపెనింగ్‌కి దిగే ఆయన అదే సిరీస్‌లో మద్రాసు టెస్టుకి నాలుగో స్థానంలో వస్తానన్నాడు. తీరా మార్షల్ మొదటి ఇద్దరినీ సున్నాకే పంపేశాడు, స్కోరు బోర్డు మీద ఒక్క పరుగు లేకుండానే గవాస్కర్ క్రీజులోకి రావాల్సొచ్చింది. 236 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. భయపెట్టే బౌలర్ గొప్పతనం తెలియాలన్నా ఇలాంటి ఇన్నింగ్సే చూడాలి.

మార్షల్ పంతం ఎలాంటిదో చెప్పడానికి ఇంకొక్కటి. 1984లో ఇంగ్లండ్‌లో హెడింగ్లీ టెస్టులో ఎడమ చేతి బొటనవేలు విరిగింది. అవతల లారీ గోమ్స్ సెంచరీకి దగ్గరలో ఉన్నాడని ఒంటిచేత్తో బ్యాటింగ్‌కి దిగాడు. తర్వాత ఆ చేతికి కట్టుతోనే బౌలింగ్ చేసి 53 పరుగులకి 7 వికెట్లు తీశాడు. అవతలి డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చున్న ఇంగ్లండ్ బ్యాట్స్‌మెన్‌కి ఆ కట్టు చూస్తే ధైర్యం వచ్చి ఉంటుందా?

మిగతావాళ్ల భయం కూడా ఎక్కువగా ఈ ఆలస్యం సంగతే. థామ్సన్ జావెలిన్ విసిరినట్టు వేస్తాడు, బంతి చివరిదాకా ఒంటి వెనకే దాగి ఉంటుంది. శ్రీలంక మలింగ చెయ్యి పక్కకి వాలిపోతుంది కాబట్టి బంతి అంపైర్ బట్టల మధ్యనుంచి వచ్చినట్టుంటుంది. వెస్టిండీస్ మైకేల్ హోల్డింగ్ పరుగెత్తి వస్తుంటే అంపైర్లకి కూడా అడుగుల చప్పుడు వినపడేది కాదట. మన బుమ్రా నాలుగడుగులు నడిచినట్టు వచ్చి 140 దాటిస్తాడు, సిద్ధమయ్యే వ్యవధే ఇవ్వడు. షోయబ్ సంగతి చూడండి. 2003 ప్రపంచకప్‌లో కేప్‌టౌన్‌లో 161.3 కిలోమీటర్ల బంతి వేస్తే ఇంగ్లండ్ ఓపెనర్ నిక్ నైట్ దాన్ని లెగ్ సైడ్‌కి తోసేశాడు. అదే షోయబ్ 1999లో ఈడెన్ గార్డెన్స్‌లో ద్రావిడ్‌నీ సచిన్‌నీ వరస బంతుల్లో బౌల్డ్ చేశాడు. ఆ రెండూ ఆలస్యంగా లోపలికి తిరిగిన యార్కర్లు, అంటే సరిగ్గా కాళ్ల దగ్గర పడే బంతులు.

ఇక దెబ్బల గురించి. ఇది సరదా విషయం కాదు, కుర్రాళ్లకి తెలియాలి. 1962లో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి తగిలి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. రక్తం ఇచ్చినవాళ్లలో వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ కూడా ఉన్నారు. ప్రాణం దక్కింది గానీ ఆయన మళ్లీ టెస్టు ఆడలేదు. 1976లో జమైకా సబీనా పార్క్‌లో వెస్టిండీస్ బౌలర్ల చేతుల్లో అన్షుమన్ గైక్వాడ్‌కి చెవి మీద, విశ్వనాథ్‌కి వేలికి, బ్రిజేష్ పటేల్‌కి నోటికి తగిలాయి. రెండో ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు పడి 97 దగ్గర మన ఆట ముగిసిపోయింది, మిగతా ఐదుగురు గాయాలతో దిగలేకపోయారు. మచిలీపట్నం మూలాలున్న మన సి.కె. నాయుడు గారైతే యాభై దాటిన వయసులో రంజీ మ్యాచ్‌లో దత్తూ ఫాద్కర్ బంతికి పళ్లు ఊడినా ఆట ఆపలేదు. ఆ ధైర్యానికి చేతులెత్తి దండం పెడతాను. ఈ రోజుల్లో మాత్రం ఎవరూ అలా చెయ్యకూడదు. 2014 నవంబరులో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్ హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. బంతి హెల్మెట్ కింద మెడకి తగిలింది. రెండు రోజుల తర్వాత చనిపోయాడు, అప్పటికి 25 ఏళ్లు. ఆ తర్వాతే మెడ వెనక గార్డులు వాడకంలోకి వచ్చాయి. 2019 నుంచి తలకి దెబ్బ తగిలితే బదులు ఆటగాణ్ణి దింపే నిబంధన కూడా వచ్చింది.

ఇప్పుడు మీ టెన్షన్ సంగతి. మా టీమ్‌లో కీపింగ్ చేసే మా మేనమామ నాకు చెప్పిన మాటే మీకూ చెబుతాను. "అల్లుడూ, వాడి మొహం చూడకు, చెయ్యి చూడు. బాలు మొహంలో లేదు, చేతిలో ఉంది" అనేవాడు. ఆయ్ అని తలూపి నాన్-స్ట్రైకర్ ఎండ్‌లో ఉన్నప్పుడు కూడా లంక కుర్రాడి మణికట్టే చూసేవాణ్ణి. షార్ట్ బాల్ వేసేముందు వాడి తల కొంచెం ఎడమకి వాలుతుందని అక్కడినుంచే కనిపెట్టాను. మీరూ మొదటి ఓవర్లో ఒక సింగిల్ తీసి అవతలి ఎండ్‌కి వెళ్లండి. అక్కణ్ణించి చూసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

ప్రాక్టీస్‌కి ఖర్చేమీ అక్కర్లేదు. మన వైపు రైస్ మిల్లుల దగ్గర ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లాలు ఉంటాయి కదా. సాయంత్రం ధాన్యం ఎత్తేశాక మిల్లు వాళ్లని అడిగి, బాగా ఊడ్చి (ఒక్క గింజ ఉన్నా కాలు జారుతుంది), టెన్నిస్ బాల్ బకెట్ నీళ్లలో ముంచి, స్నేహితుణ్ణి పదిహేను గజాల నుంచి బలంగా విసరమనండి. తడి బాలు సిమెంటు మీద పడి జారి పైకొస్తుంది, మార్షల్ మార్కు బంతి అదే. దెబ్బ తగిలినా చురుక్కుమంటుంది తప్ప ఎముక విరగదు. మొదటివారం కొట్టాలని చూడకండి. బంతి మీదనుంచి కళ్లు తీయకుండా తల పక్కకి తప్పించడం, చేతులు కిందికి దించడం, ఈ రెండే చెయ్యండి. వంగేటప్పుడు కళ్లు మూసుకునేవాళ్లకే ఎక్కువ దెబ్బలు తగులుతాయి. కాంట్రాక్టర్‌కి కూడా బంతి బౌలర్ చేతిలోంచి సరిగా కనపడలేదంటారు.

చివరిగా హెల్మెట్. కార్కు బాల్ అయినా, లెదర్ అయినా హెల్మెట్ లేకుండా దిగొద్దు. మన ఊళ్లలో "కార్కుకి హెల్మెట్ ఏంట్రా" అని వెక్కిరించేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి. మ్యాట్ మీద కార్కు బాల్ ఎటు లేస్తుందో వేసినవాడికే తెలియదు. ఒక్కొక్కరు కొనలేకపోతే టీమంతా చందా వేసుకుని రెండు కొనండి, క్రీజులో ఉండేది ఇద్దరే. మెడ గార్డు ఉన్నవి చూడండి. షాపుకెళ్లేటప్పుడు జేబులో ఒక బాల్ వేసుకెళ్లి, గ్రిల్‌కీ పైన ముందుకొచ్చే అంచుకీ మధ్య దాన్ని పెట్టి నొక్కి చూడండి. దూరిందంటే ఆ హెల్మెట్ తీసుకోకండి, గ్రిల్ ఇంకా పైకి బిగించేది అడగండి.